పొలం వెనక మట్టికట్ట, ఎప్పుడూ నిండని చెరువు: పైపు ఎత్తు పెంచుకోవచ్చా?

#1 కోడ్‌కూలీ (డల్లాస్ దగ్గర)

అందరికీ నమస్కారం. ఇక్కడ చెరువులూ కట్టలూ తెలిసినవాళ్లు ఉన్నారని పాత పోస్టులు చూసి రాస్తున్నాను. కొంచెం పొడుగు, తిట్టుకోకండి.

నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి పోయినేడు డల్లాస్‌కి ఈశాన్యంగా గంట దూరంలో 22 ఎకరాలు కొన్నాం. నల్లరేగడి. చూడగానే మా ప్రకాశం జిల్లా గుర్తొచ్చి, బేరం కూడా సరిగ్గా ఆడకుండా సంతకం పెట్టేశాను. పొలం వెనక వాగుకి అడ్డంగా పెద్ద మట్టికట్ట ఉంది. పన్నెండు వందల అడుగుల పొడవు, పాతిక అడుగుల ఎత్తు ఉంటుందేమో. పైనంతా గడ్డి. సగం కట్ట మా వైపు, సగం పక్కాయన వైపు. నీళ్లలో, కట్టకి దగ్గరగా, లిఫ్టు గది సైజులో ఒక కాంక్రీటు పెట్టె, దాని నెత్తిన ఇనుప చువ్వలు. అమ్మినాయన 'లేక్ ఉంది' అని చెప్పి అమ్మాడు. లేక్ అంటే ఆరు ఎకరాల మడుగు. కట్టేమో అరవై ఎకరాలు ఆపేలా ఉంది, నీళ్లేమో అడుగునే ఉంటాయి.

మే నెలలో ఒక రాత్రి దంచి కొట్టింది. తెల్లారేసరికి నీళ్లు మా కంచె దాకా వచ్చేశాయి. ఆనందం పట్టలేక ఇంటికి వీడియో కాల్ చేసి అమ్మకి చూపించాను. వారం తిరిగేసరికి మళ్లీ ఆరు ఎకరాలే.

మా ఫ్రెండ్ ఐడియా ఏంటంటే, ఆ పెట్టె చుట్టూ నాలుగడుగుల స్టీలు ప్లేటు బిగిస్తే నీళ్లు నాలుగడుగులు ఎక్కువ నిలుస్తాయి. చేపలు వదలొచ్చు, చిన్న బోటు వేసుకోవచ్చు. కట్ట మీద వరసగా పెకాన్ (ఇక్కడి గింజకాయల చెట్టు, బాగా పెద్దదవుతుంది) చెట్లు పెడదామని కూడా ఉంది. కాగితాల్లో ఏదో 'ఈజ్‌మెంట్' అని ఉంది కానీ 1960ల నాటిది, టైపు మిషన్ అక్షరాలు, ఎవరం పూర్తిగా చదవలేదు. ప్లేటు బిగించొచ్చా?

#2 బిర్యానీ_బ్యాచ్ (ప్లేనో)

చెరువు ఫ్రీగా వచ్చిందని చెప్పుకోడానికి ఇంత పోస్టా! ప్లేటు బిగించు, బోటు కొను, లాంగ్ వీకెండ్‌కి అడ్రస్ పెట్టు. మటన్ మేం తెస్తాం.

#3 తూము_సారు (గుంటూరు, ఇరిగేషన్‌లో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను)

బాబూ, ముందు ఒక మాట. ఆ పెట్టె మీద ప్లేటూ గీటూ ఏమీ బిగించకండి. తక్కినది తీరిగ్గా చెప్తాను.

మీరు దాన్ని చెరువు అనుకుంటున్నారు, తిరకాసంతా అక్కడే. మన చెరువు ఇల్లు లాంటిది. వచ్చిన నీళ్లు అక్కడే కాపురం ఉండాలి, పంట చేతికొచ్చేదాకా మడులకు అందాలి. మీ వెనక ఉన్నది సత్రం. వరద వస్తుంది, నాలుగు రోజులు తలదాచుకుంటుంది, మెల్లగా దారి పడుతుంది. సత్రంలో గదులన్నీ ఒకడే ఏడాది పొడవునా ఆక్రమిస్తే, అర్ధరాత్రి వచ్చినవాళ్లు ఎక్కడ పడుకోవాలి?

ఆ కాంక్రీటు పెట్టె నిలువు బావి లాంటిది. నీళ్లు దాని అంచుకి రాగానే లోపలికి దూకి, కట్ట కిందుగా వేసిన గొట్టంలోంచి అవతల వాగులో పడతాయి. దానికి గేటు లేదు, తిప్పే చక్రం లేదు, తాళం చెవి పట్టుకు తిరిగే లస్కరు లేడు. రాత్రి రెండింటికి కుండపోత పడినా దాని పని అది చేసుకుపోతుంది. గొట్టం కావాలనే సన్నగా వేస్తారు. పైనుంచి ఎంత వరద వచ్చినా కిందికి పోయేది ఆ గొట్టం పట్టినంతే, మిగతాది కట్ట వెనక ఎక్కుతుంది. మీకు కనిపించే ఆరు ఎకరాల మడుగు ఒండ్రు కోసం వదిలిన చోటు. పై పొలాల నుంచి ఏళ్ల తరబడి కొట్టుకొచ్చే మట్టి అక్కడ పేరుకోవాలని లెక్క. దాని పైన ఖాళీగా కనిపిస్తోంది చూశారూ, ఆ ఖాళీ కోసమే కట్ట కట్టింది.

ఒకటి అడుగుతాను. కట్టకి ఏదో ఒక చివర, కట్ట నెత్తి కంటే నాలుగైదు అడుగులు తక్కువ ఎత్తులో, వెడల్పుగా బల్లపరుపుగా గడ్డినేల ఉందా?

#4 కోడ్‌కూలీ

ఉంది సార్! పడమటి చివర. నూటపాతిక అడుగుల వెడల్పు ఉంటుంది, ఎవరో రోలరు తిప్పినట్టు సాపుగా. మేం అక్కడే షెడ్డు, వాలీబాల్ కోర్టు అనుకున్నాం. షెడ్డు కోసం పోయినవారం రెండు ట్రక్కుల కంకర కూడా దింపించాం. అదేంటి?

#5 తూము_సారు

అదే మీ అలుగు. రాయలసీమలో మరవ అంటారు, తెలంగాణలో మత్తడి, మా వైపు కళింగ. రాయీ సిమెంటూ కనపడలేదు కాబట్టి మీరు ఆనవాలు పట్టలేదు. అక్కడ గడ్డే రాతి కట్టడం పని చేస్తుంది. గొట్టం చాలనంత వరద వచ్చినప్పుడు నీళ్లు కట్ట నెత్తి ఎక్కకుండా పక్కనుంచి తప్పుకునే దారి అది. పదేళ్లు పారకపోవచ్చు. పారిన రోజున అక్కడ మీ షెడ్డు ఉంటే నీళ్లు షెడ్డుకి తగిలి కట్ట వైపే తిరుగుతాయి. మట్టికట్ట నెత్తి మీద నుంచి నీళ్లు పారడం మొదలైతే ఇక దాన్ని ఆపేవాడు లేడు. కంకర ఈ వారమే ఎత్తించండి.

#6 ఓక్లహోమా_తులసి (టల్సా)

సార్ చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇక్కడ ఒక కన్సల్టింగ్ కంపెనీలో ఇలాంటి కట్టలే తనిఖీ చేస్తుంటాను, అందుకని కాస్త వెనకటి సంగతి.

1930ల్లో ఈ ప్రాంతమంతా దుమ్ము తుఫాన్లతో అల్లాడింది. ఒక పక్క మట్టి గాలికి కొట్టుకుపోవడం, ఇంకో పక్క వాన పడితే వాగులు పొంగి పల్లపు పొలాలు మునగడం. 1935లో మట్టిని కాపాడటానికని ఫెడరల్ ప్రభుత్వం సాయిల్ కన్జర్వేషన్ సర్వీస్ పెట్టింది, ఇప్పుడు దాన్నే నేచురల్ రిసోర్సెస్ కన్జర్వేషన్ సర్వీస్ (ఎన్‌ఆర్‌సీఎస్) అంటున్నారు. వరదని పెద్ద నది దగ్గర ఆపడం కాదు, అది పుట్టే వాగుల దగ్గరే చిన్న చిన్న కట్టలతో నిదానం చెయ్యాలన్నది వాళ్ల ఆలోచన. 1944 వరద నియంత్రణ చట్టంలో 11 పరీవాహక ప్రాంతాలకు అనుమతి దొరికింది. మా వాషిటా నది, మీ ట్రినిటీ నది రెండూ అందులోవే. మొదటి కట్ట మా రాష్ట్రంలోనే, కార్డెల్ అనే ఊరి దగ్గర క్లౌడ్ క్రీక్ మీద 1948లో పూర్తయింది. 1954లో వచ్చిన ఇంకో చట్టంతో దేశమంతా కట్టారు. ఇప్పుడు 47 రాష్ట్రాల్లో 11,800 పైన ఉన్నాయి. ఓక్లహోమాలో 2,100, మీ టెక్సాస్‌లో సుమారు 2,000.

చాలావాటికి ఆయుష్షు 50 ఏళ్లని లెక్కగట్టి కట్టారు. అంటే మీ 1960ల కట్ట రిటైరవ్వాల్సిన వయసు దాటేసి ఇంకా డ్యూటీ చేస్తోంది. 2000లో పాత కట్టల మరమ్మతుకి వేరే చట్టం తెచ్చింది ఇందుకే.

ఇంకో విషయం. కట్టింది ఫెడరల్ డబ్బుతో అయినా, బాధ్యత స్థానిక 'స్పాన్సర్'ది. మీ దగ్గర సాయిల్ అండ్ వాటర్ కన్జర్వేషన్ డిస్ట్రిక్టో, కౌంటీయో అయ్యుంటుంది. ఈజ్‌మెంట్ కాగితంలో పేరు ఉంటుంది చూడండి.

#7 మత్తడి_దుంకింది (నర్సంపేట)

అందరూ చదువుకున్నోళ్లే కానీ నాకు ఒకటి అర్థం కాలేదు. మా దగ్గర పాకాల చెరువు కాకతీయుల కాలంది. ఎనిమిది వందల ఏళ్ల నుంచి మట్టికట్టే ఆపుతోంది, నిండా నీళ్లతో. మిషన్ కాకతీయల 46 వేల పైన చెరువులను లెక్కగట్టి పూడిక తీసుడు మొదలువెట్టిన్రు, ఎందుకు? నీళ్లు ఇంకా ఎక్కువ నిలువనీకే. చెరువు ఎండితే మాకు ఏడుపొస్తది. మీరేమో వచ్చిన నీళ్లను వారంలో వాగుల కలుపుడే గొప్ప అంటున్నరు. తమ్మీ, నాలుగడుగులే గదా, ఆపుకో. రేగడి నేలల నీళ్ల విలువ నీకు తెల్వదా?

#8 ఓక్లహోమా_తులసి

అన్నా, మీ బాధ అర్థమైంది. లెక్క వేసి చూద్దాం. ఈ పొలం కొలతలు నాకు తెలియవు, ఇవి ఊరికే ఉదాహరణకి వేసుకున్న అంకెలు.

కట్టకి పైన 3 చదరపు మైళ్ల నేల ఉందనుకోండి, 1,920 ఎకరాలు. ఆ నేలంతటి మీద నుంచి 6 అంగుళాల నీరు ఒక్కసారే వాగులోకి దిగితే, అరడుగు చొప్పున 960 ఎకరం-అడుగులు (ఎకరం నేల మీద అడుగు లోతు నిలిచే నీరు ఒక ఎకరం-అడుగు). సెకనుకి 50 ఘనపుటడుగులు పట్టే గొట్టమైతే రోజుకి దాదాపు 100 ఎకరం-అడుగులు వదులుతుంది. మొత్తం దిగడానికి సుమారు పది రోజులు. వరద చోటు పది రోజుల్లో ఖాళీ కావాలన్నదే వీళ్లు మామూలుగా పెట్టుకునే లెక్క, ఎందుకంటే రెండో తుఫాను ఎప్పుడొస్తుందో తెలీదు.

#9 బిర్యానీ_బ్యాచ్

తులసి గారూ, మీ లెక్కతోనే అడుగుతా. ఆరు ఎకరాల మడుగు నాలుగడుగులు పెరిగితే సగటున పది ఎకరాలు అనుకున్నా 40 ఎకరం-అడుగులు. 960లో 40 అంటే నాలుగు శాతం చిల్లర. దీనికా ఇంత రాద్ధాంతం?

#10 తూము_సారు

మంచి ప్రశ్న. అందరూ చోటు గురించే ఆలోచిస్తారు. చోటు ఒక్కటే అయితే నేనూ ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు.

మట్టికట్టలో నీళ్లు లోపలికి ఇంకుతూ ఒక తడిగీత గీస్తాయి. నీళ్లు తాకే వాలు దగ్గర ఎత్తుగా మొదలై, అవతలి పాదం వైపు వంగుతూ దిగుతుంది. మీ కట్టలో అరవై ఏళ్లుగా ఆ గీత అడుగునే ఉంది. పైభాగమంతా ఎప్పుడో ఓ వారం తడిసి మళ్లీ ఆరింది. ఆ ఆరిన భాగంలో ఏముందో మీకు తెలుసా? రేగడి మట్టి ఎండాకాలం పగుళ్లిస్తుంది. ఎలకలూ పందులూ బొక్కలు పెట్టి ఉంటాయి. చచ్చిన చెట్టు వేరు కుళ్లితే లోపల గొట్టం మిగిలిపోతుంది. నీళ్లు వారం రోజులే నిలిస్తే వీటిలో చాలా వాటి జోలికి పోవు. అదే నీటిని నాలుగడుగులు ఎత్తి ఏడాదంతా ఆపారనుకోండి, తీరిగ్గా వెతుక్కుని ఒక దారి పట్టుకుంటాయి. దారిలో రేణువు రేణువుగా మట్టిని మోసుకుపోతాయి. దాన్నే మేం బుంగ పడటం అంటాం. నేను చూసిన గండ్లలో ఒకటి తాటికాయంత బుంగగా మొదలై, మేం ఇసుక బస్తాలు తెచ్చేలోపు ట్రాక్టరు పట్టేంత అయింది.

ఇంకోటి, పెట్టె ఎత్తు పెంచితే అలుగు పారాల్సిన రోజులు పెరుగుతాయి. ఏ పాతికేళ్లకో ఒకసారి పారాలని వేసిన గడ్డి అలుగు మాటిమాటికీ పారితే గడ్డి లేచిపోయి కోతపడుతుంది.

నర్సంపేట తమ్ముడికి: పాకాల కట్ట నిండుగా నిలబడటానికే కట్టింది, రాతి కట్టడం, తూములు, మత్తడి అన్నీ ఆ లెక్కకే. దాన్నీ దీన్నీ పోల్చకూడదు. వరద కోసం చోటు ఖాళీ ఉంచడం మనకి తెలియనిది కూడా కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు పైన ఏడు వందలకు పైగా చెరువులు ఉండేవి, రెండు వందలకు పైగా వరసగా తెగాయి. ఒకటి తెగితే ఆ నీళ్లు కింద చెరువు మీద పడ్డాయి. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య గారు వరదను పైనే పట్టి ఆపాలని చెప్పారు, అట్లా వచ్చినవే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. మంచినీళ్ల పేరు తర్వాత పెద్దదైంది.

#11 చెయ్యేటిగట్టు (రాజంపేట, ఇప్పుడు బెంగళూరు)

ఈ త్రెడ్ చదివి రాయకుండా ఉండలేకపోయాను. మాది చెయ్యేటి పక్క ఊరు.

2021 నవంబరు 19 తెల్లారుజాము. ముందురోజు నుంచి ఆగకుండా వాన. పైన పింఛ కట్ట తెగిందని ఫోన్లు. అన్నమయ్య ప్రాజెక్టుకి గేట్లు వదలగలిగే దానికంటే ఎక్కువ వరద వచ్చింది. నీళ్లు మట్టికట్ట మీద ఎక్కినాయి, కట్ట పోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట వైపు ఏమైందో పేపర్లలో అందరూ చూసే ఉంటారు.

పేపర్లో రానిది ఒకటి చెప్తా. మూడో రోజు మా మామ పొలం చూసుకుందామని పోయినాం. పొలం ఎక్కడుందో దొరకలేదు. అరటి తోట ఉండాల్సిన చోట ఇసుక, మనిషెత్తు. డ్రిప్పు పైపు కొస ఒకటి నల్లగా పైకి వచ్చి కనిపిస్తా ఉంది. మామ దాన్ని పట్టుకుని లాగినాడు, రాలేదు. మళ్లీ లాగినాడు. ఆయన ఏం మాట్లాడలేదు, ఆ పైపు కొస అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు.

అన్నా, నాలుగు శాతమో నలభై శాతమో నాకు తెలీదు. ఆ అలుగు మీద కంకర ఎత్తేసినావా?

#12 బిర్యానీ_బ్యాచ్

సారీ బ్రో. నిజంగా. నా జోకులు నేను వెనక్కి తీసుకుంటున్నా.

కానీ ఒక డౌటు, వాదన కోసం కాదు. చెయ్యేరు నది, అది పెద్ద ప్రాజెక్టు. ఇది వాగు మీద పాతిక అడుగుల కట్ట. తెగినా ఎంతని?

#13 ఓక్లహోమా_తులసి

1977 నవంబరు 6, జార్జియా రాష్ట్రం, టొకోవా. కెల్లీ బార్న్స్ అని ఒక పాత మట్టికట్ట, ఎత్తు నలభై అడుగుల లోపే. వానలు పడుతున్న రాత్రి ఒకటిన్నరకి తెగింది. కింద ఒక బైబిల్ కాలేజీ, నిద్రలో ఉన్న కుటుంబాలు. 39 మంది పోయారు. కట్టల భద్రత గురించి ఈ దేశం గట్టిగా పట్టించుకోవడానికి కారణమైన వాటిలో అదొకటి.

కట్ట ఎంత ఎత్తుందన్నది సగం ప్రశ్న. దాని కింద ఎవరున్నారన్నది మిగతా సగం. 1960ల్లో మీ కట్ట కింద పత్తి చేలు ఉండి ఉంటాయి, తెగితే పంట పోతుంది అంతే, అందుకని 'లో హజార్డ్' అని రాసి ఉంటారు. డల్లాస్ చుట్టూ ఇప్పుడు ఎటు చూసినా వెంచర్లే. కట్టలో ఇటుకంత మార్పు లేకుండానే, కింద ఇళ్లు లేచాయి కాబట్టి అదే కట్ట 'హై హజార్డ్' అవుతుంది. మీ వాగు వెంబడి కిందికి ఓసారి కారేసుకుని వెళ్లి చూడండి.

#14 హ్యూస్టన్_బాబాయ్

ఆలస్యంగా వచ్చాను. నేను లాయర్ని కాను, కానీ ఇలాంటి పొలమే కొని మూడేళ్లు కాగితాలతో కుస్తీ పట్టినవాణ్ణి.

ఈజ్‌మెంట్ అంటే నేల మీదే, ఆ నేల మీద కొన్ని హక్కులు మాత్రం ఎప్పుడో పాత యజమాని రాసిచ్చేశాడు. మామూలుగా ఏముంటాయంటే, ఫలానా ఎత్తు దాకా నీళ్లు నిలిపే హక్కు, తనిఖీకీ మరమ్మతుకీ లోపలికి వచ్చే హక్కు, కట్టకి గానీ అలుగుకి గానీ అడ్డం కట్టకూడదన్న షరతు. మనిషి మారినా ఇది నేలతోనే వస్తుంది, మీరు చదవలేదంటే చెల్లదు. నా ఫైల్లో సముద్రమట్టం నుంచి అడుగుల్లో ఒక అంకె ఉంది, దాని కింద ఏ నిర్మాణం కూడదని. సర్వేయర్ని పిలిచి ఆ అంకె నేల మీద ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టించాను. నేను గెస్ట్ రూమ్ అనుకున్న చోటికి ఎనభై అడుగులు లోపల పడింది. నాకు అమ్మినాయన ఈ ముక్క చెప్పలేదు, చెప్పడు కూడా.

#15 కోడ్‌కూలీ

అందరికీ థాంక్స్. రెండు వారాంతాలు అక్కడే గడిపాను. వరసగా చెప్తాను.

కంకర ఎత్తించేశాం. దింపడానికి అయినదానికంటే ఎత్తడానికి ఎక్కువైంది.

ఈజ్‌మెంట్ మొత్తం చదివాను, నాలుగు పేజీలు. బాబాయ్ చెప్పినవన్నీ ఉన్నాయి. స్పాన్సర్ పేరూ దొరికింది. ఫోన్ చేస్తే మొదటి రెండుసార్లు ఎవరూ ఎత్తలేదు, మూడోసారి ఒకావిడ ఎత్తి, కట్ట నంబరు చెప్పగానే "ఓ, ఆ కట్టా, అక్కడ పందుల గొడవ ఎక్కువ" అంది. అంటే వాళ్లకి నాకంటే బాగా తెలుసు.

తర్వాత కట్ట మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. దూరం నుంచి నున్నగా కనిపించింది దగ్గరికెళితే వేరే కథ. అడవిపందులు గడ్డిని తిరగేసి రెండు చోట్ల గోతులు చేశాయి, నాగలి దున్నినట్టు. లోపలి వాలు మీద చిన్న మొక్కలు, ముళ్లు, మెస్కీట్ అని పక్కాయన చెప్పాడు. కట్ట నెత్తి మీద నా చేతి వేలు దిగేంత పగులు, కట్ట పొడవునా ఇరవై అడుగులు. బయటి పాదం దగ్గర ఒక చోట మంచం వేసేంత మేర తడిగా ఉంది, అక్కడ జమ్ము మొలిచింది. ఇంకా అవతల పాదంలోంచి రెండు చిన్న పైపులు బయటికి వచ్చి ఉన్నాయి, వాటిలోంచి చుక్క చుక్క నీళ్లు.

తడి చూసి గుండె జారిపోయింది. ఇవి చెడ్డవా?

#16 తూము_సారు

భయపడకండి, ఒక్కొక్కటీ చెప్తాను. కట్ట అన్నాక ఊట ఉంటుంది. ఊట లేని మట్టికట్టని నేను చూడలేదు. ఆ రెండు పైపులు అందుకే, లోపలి ఊటని మట్టి రాకుండా వడకట్టి బయటికి వదలడానికి. వాటికి బిరడాలు గానీ బిగిస్తారేమో, కూడదు.

చూడాల్సింది నీళ్ల రంగు. తేటగా, ఎప్పుడూ ఒకే తీరుగా వస్తే కొన్నాళ్లు కనిపెట్టి ఉండటమే. బురదగా వచ్చినా, నిన్నటి కంటే ఇవాళ ఎక్కువ వచ్చినా, అప్పుడు ఫోను తియ్యాలి. తడి చోట నీళ్లు ఒక గాజుసీసాలో పట్టి, రాత్రంతా కదపకుండా పెట్టి, పొద్దున అడుగు చూడండి.

పగులు కట్ట వెంబడి ఉందన్నారు, అది కొంత నయం. కట్టని అడ్డంగా దాటే పగులైతే నీళ్లకి తిన్నగా బాట దొరుకుతుంది. రేగడి కదా, ఎండకి విడిచి వానకి మూస్తుంది. కానీ పగులుకి ఒక పక్క నేల అంగుళమైనా కిందికి దిగితే వాలు జారుతోందని అర్థం. రెండు పక్కలా ఒక్కో మేకు కొట్టి మధ్య దూరం రాసి పెట్టుకోండి. పగుల్లో సిమెంటు పాలు పోయకండి.

#17 ఓక్లహోమా_తులసి

సార్ మాటకి చిన్న చేర్పు. మీ డల్లాస్ నల్లనేల నిజంగానే మన రేగడికి చుట్టం. హ్యూస్టన్ బ్లాక్ అంటారు, టెక్సాస్ రాష్ట్ర నేల అని చెప్పుకునేది దాన్నే. తడిస్తే ఉబ్బి ఎండితే నెర్రెలిచ్చే గుణం ఒకటే. మెస్కీట్ కూడా మన సర్కారు తుమ్మకి అన్నదమ్ముల వరస. కాబట్టి మీకు కొత్త శత్రువులేమీ లేరు.

మొక్కలు బొటనవేలు లావు లోపు ఉన్నప్పుడే తీసేయండి. పెద్దవైతే మీరు నరకొద్దు, వేళ్లతో సహా తవ్వి మళ్లీ మట్టి దట్టించాలి, అది స్పాన్సర్ చేయించాలి. పెకాన్ల సంగతి ఇక అడగరనుకుంటా. పందుల గోతులు కూడా వాళ్లకి ఫొటోలతో పంపండి, మరమ్మతులకి రాష్ట్ర సాయిల్ అండ్ వాటర్ బోర్డు గ్రాంట్లు ఇస్తుంది.

#18 మత్తడి_దుంకింది

మా తాత నీరటి. ఊరి చెరువుకు ఆయనే. పెద్దవాన పడ్డ రాత్రి లాంతరు పట్టుకుని కట్ట మీద పోయేటోడు, చెప్పులు ఇడిచి. ఎందుకు తాతా అంటే, లాంతరుకు కనవడనిది కాలికి తెలుస్తదిరా అనేటోడు. పాదం కింద చల్లగ, మెత్తగ తగిలిన చోట ఆగి, గుంజ పాతి పోయేటోడు. పొద్దున ఊరోళ్లు వచ్చి ఆ గుంజ కాడ ఎండ్రకాయ బొక్కనో ఇంకేదో వెతికి, బంకమట్టి తొక్కి మూసేది. ఇప్పుడు మా ఊళ్లె నీరటి లేడు. కట్ట మీద రోడ్డు పడ్డది, బైకుల మీద పోతం, కాలుకు ఏం తెలుస్తది.

తమ్మీ, నేను ముందు ఆపుకో అన్న. నీది వేరే తీరు కట్ట అని ఇప్పుడు సమజైంది. గుంజలు పాతు.

#19 కోడ్‌కూలీ

సీసా పరీక్ష రిజల్టు. పచ్చళ్ల సీసా కడిగి, తడి చోట చిన్న గుంట చేసి, ఊరిన నీళ్లు పట్టి, వంటింటి గట్టు మీద పెట్టాను. మా ఆవిడ 'ఇదేంటి తీర్థమా' అంది. పొద్దున అడుగున ఏమీ లేదు, తేట. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. ఇక నెలకోసారి పడతాను, సీసా మీద తేదీ రాసి.

అన్న చెప్పినట్టు చెప్పులు విప్పి కూడా నడిచాను. ఇక్కడ గడ్డిలో ముళ్లు మామూలుగా లేవు, అయినా నడిచాను. నాలుగు గుంజలు పాతాను.

తులసి గారు చెప్పినట్టు వాగు వెంబడి కిందికీ వెళ్లాను. మైలున్నర దూరంలో కొత్త వెంచర్. వాగు వైపు ఇళ్లకి 'క్రీక్ వ్యూ' అని ఎక్కువ రేటట. వెంచర్ కంటే ముందు రోడ్డు వాగుని దాటే చోట మన కాజ్‌వేలాగా పల్లం. పక్కన ఫలకం మీద నీళ్లుంటే దాటొద్దని రాసుంది. ఆఫీసులో నా వెనక సీటు కుర్రాడు అక్కడే ఇల్లు బుక్ చేశాడు, గృహప్రవేశానికి పిలిచాడు కూడా. వాడికి పైన కట్ట ఉందన్న సంగతే తెలీదు. చెప్పాను. 'నీ లేక్ నిండితే బాగుండు అన్నావు కదా' అన్నాడు. ఏం చెప్పాలో తెలీలేదు.

ప్లేటు ఐడియా వదిలేశాం. ఫ్రెండ్ అలిగాడు, బోటు ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టేశాడట. సార్, వాలీబాల్ కోర్టు కూడా వద్దా?

#20 తూము_సారు

ఆడుకోండి, గడ్డి పోకుండా. స్తంభాలు పాతకండి, ఆట అయ్యాక నెట్టు ఇంటికి తీసుకుపోండి.

#21 కోడ్‌కూలీ

మూడు వారాల తర్వాత అప్‌డేట్. గురువారం రాత్రి వాన, పక్కాయన రెయిన్ గేజ్‌లో అయిదు అంగుళాలు. నిద్ర పట్టక నాలుగింటికే బయల్దేరి వెళ్లాను. మా కంచె గుంజకి అడుగు అడుగుకీ రంగు టేపు చుట్టి పెట్టుకున్నాను. ఆరో టేపు మునిగింది. కట్ట అవతల గొట్టంలోంచి నీళ్లు గర్జిస్తూ పడుతున్నాయి, మాట వినపడలేదు. అలుగు దాకా రాలేదు, ఇంకా చాలా చోటుంది. తడి చోటు అలాగే ఉంది, తేటగానే.

ఏడున్నరకి కింద పల్లం దగ్గరికి వెళ్లాను. వాగు ఒడ్డు లోపలే పోతోంది, మురికిగా, వేగంగా, కానీ రోడ్డు మీదికి ఎక్కలేదు. స్కూలు బస్సు మామూలుగా దాటి వెళ్లింది.

శుక్రవారం ఆరో టేపు, శనివారం అయిదు, సోమవారం మూడు, బుధవారానికి మళ్లీ ఆరు ఎకరాలే. కంచె మీద చెత్త గీత మిగిలింది. ఎండుగడ్డి, రెండు ప్లాస్టిక్ సీసాలు, ఎవరిదో ఫుట్‌బాల్.

#22 మత్తడి_దుంకింది

మంచిగైంది తమ్మీ. గంతా మంచిదే గానీ, చేపలు?

#23 కోడ్‌కూలీ

ఆ ఆరు ఎకరాల్లోనే ఉన్నాయన్నా, క్యాట్‌ఫిష్. మనం చూసుకోలేదంతే. బోటు కూడా వచ్చింది, ఆదివారం దించుతున్నాం. పులుసుకి చింతపండు బిర్యానీ_బ్యాచ్ తెస్తున్నాడు.